ఉమ్మడి నెంబరు

"సార్, ఐఆర్‌క్యూలు అయిపోయాయి," అన్నాను. మా యజమానిగారికి అది "ఇరుకులైపోయాయి" అని వినపడింది. "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని ఊరికే అన్నారా," అంటూ మా గది మధ్య గోడ కొట్టించడానికి మర్నాడే కూలీల్ని పిలిపించారు. నేనడిగింది నెంబర్లు, వచ్చింది గాలి.

మేం సరుకు చెడకుండా దాచే చలిగదుల్ని కాపలా కాసే పెట్టెలు తయారుచేస్తాం. పెట్టెలో చిప్పు, చిప్పులో కెర్నల్ అనే ప్రోగ్రాము, కెర్నల్ నెత్తిన నేను. ఫ్యానుకో, తలుపుకో, థర్మామీటరుకో అవసరం వస్తే కెర్నల్ చేస్తున్న పని ఆపించి తనవైపు తిప్పుకోవాలి. పిలిచిందెవరో తెలియడానికి ఒక్కొక్కరికి ఒక్కో నెంబరు. దాన్నే ఐఆర్‌క్యూ అంటాం. వాటిని పంచేది నేను. మొదటి పెట్టెను ఎదురు వీధిలోని చలిగదికి బిగించాం. అక్కడ సరుకు సర్దేది మా వదిన.

"కెర్నల్‌లో పనంటావు, కల్నల్‌లాగా తుపాకీ ఏది మరిదీ?" అనేది.

"పేల్చడానికి నోరుందిగా వదినా."

"అది మీ అన్నకూ ఉంది. నాకు మాత్రం లోపల నొక్కిన బెల్లు బయట మోగితే చాలు. గొళ్ళెం మంచుకి బిగుసుకుంటే ఆ గదిలో నా అరుపు నాకే వినపడదు."

అందుకే బెల్లుకు సొంత నెంబరిచ్చాను. ఈలోగా యజమానిగారికి చలిగది బయటి గోడ మీద రంగుల తెర పెట్టి కంపెనీ ప్రకటనలు ఆడించాలని బుద్ధి పుట్టింది. తెరకూ సొంత నెంబరే కావాలి, లేకపోతే బొమ్మ తడబడుతుంది. చిప్పులో నెంబర్లన్నీ నిండిపోయాయి. పెద్ద చిప్పు కొనమని అడగడానికి వెళ్తేనే ఈ గోడ గొడవ. కూలీలు సమ్మెట వేస్తుండగానే మళ్ళీ వెళ్ళి అంతా విడమరిచి చెప్పాను. ఆయన ఇచ్చిన జవాబు ఆ చప్పుడులో నాకొక్కడికే వినపడింది.

బెల్లు నెంబరు తెరకు పోయింది. బెల్లు వెళ్ళి ఫ్యానుతో ఉమ్మడి కాపురం పెట్టింది. ఉమ్మడి నెంబరు మోగితే మా కెర్నల్ వరసగా "పిలిచింది నువ్వేనా?" అని అడుగుతుంది. ఎవరు "నాదే" అంటే అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి తనది కానప్పుడు కాదని చెప్పే నిజాయితీ ఉండాలి. ఫ్యాను తరఫున జవాబు చెప్పే ప్రోగ్రాము రాసింది యజమానిగారి బావమరిది. చూసి చెప్పడానికి బద్ధకమేసి, ఎప్పుడడిగినా "నాదే" అనేలా రాసిపారేశాడు. బావగారి సొమ్ము విషయంలో అలవాటైన మాటే.

"ఇది మార్చు బాబూ, మనిషి ప్రాణం," అన్నాను.

"పరీక్షలో బెల్లు మోగింది కదా అంకుల్. ఊరికే బెల్లం ముక్కంత విషయాన్ని బస్తా చేస్తారు."

మోగిన మాట నిజమే. ఆ రోజు కెర్నల్ ముందు బెల్లునే అడిగింది. తర్వాత కరెంటు పోయి వచ్చేసరికి వరస మారి ఫ్యాను ముందుకొచ్చింది. "నాదే" అనేవాడు ముందుంటే నాదానికి చోటెక్కడ? పెట్టె సరిగ్గా ఉందన్న కాగితం మీద నేను సంతకం పెట్టనన్నాను. బావమరిది పెట్టాడు.

ఒక మధ్యాహ్నం గొళ్ళెం బిగుసుకుంది. వదిన బెల్లు నొక్కింది. ఫ్యాను "నాదే" అంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ "నాదే". బయట తెర మీద మా ప్రకటన ఒక్కసారైనా తడబడకుండా ఆడింది. సాయంత్రం సరుకు కోసం వచ్చిన లారీ డ్రైవరు తలుపు పగలగొట్టాడు. చల్లగా ఉండమని పెద్దలు దీవిస్తే ఇప్పుడు నాకు ఒళ్ళు జలదరిస్తుంది. చలికి చచ్చుబడిన వదిన కుడిచేతి రెండు వేళ్ళ కొసలు ఆసుపత్రిలో తీసేశారు.

విచారణ మా విశాలమైన గదిలోనే పెట్టారు. ఫ్యాను అన్నీ నాదే అంటే ఇక్కడ అందరూ నాది కాదన్నారు. నెంబర్లు తన పని కాదని బావమరిది, గొళ్ళెం తనది కాదని తలుపు బిగించినాయన. చివరికి యజమానిగారు వదిన వైపు తిరిగి నవ్వారు.

"తప్పంతా నా చెవిదమ్మా. మీ మరిది ఐఆర్‌క్యూ అంటే ఇరుకు అనుకున్నాను. పాపం, గోడే కొట్టించాను చూడండి."

అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. తర్వాత నన్నడిగింది.

"అంతేనా మరిదీ? చెవి పొరపాటేనా?"

నా జీతం ఆయన చేతిలో ఉంది. వదిన చెయ్యి కట్టుతో ఆమె ఒడిలో ఉంది.

"ఆ పొరపాటు ఒక్కరోజుదే వదినా," అన్నాను. "మర్నాడే వెళ్ళి, ఇరుకు కాదు సార్, నెంబర్లు, పెద్ద చిప్పు కొనకపోతే లోపలి మనిషి నొక్కిన బెల్లు ఫ్యాను పాలవుతుంది అని చెప్పాను. సార్ చక్కగా విన్నారు. 'బెల్లు ఎప్పుడో ఎవరో నొక్కుతారు, తెర రోజూ అందరూ చూస్తారు, బెల్లునే సర్దుకోమను' అన్నారు."

మధ్యన గోడ లేదు కదా, గది అటు చివర కూర్చున్నవాళ్ళకు కూడా స్పష్టంగా వినపడింది.