మామయ్య బాక్సు మీద ఎనిమిది

ఎనిమిదీ ఎనిమిదీ కలిస్తే నాలుగు అని రిపేరు బాబాయి తేల్చి చెప్పిన క్షణం నుంచీ డాక్టరమ్మ బుర్ర పనిచేయడం మానేసింది. పక్కనే నిలబడ్డ లెక్కల మాస్టారికి మాత్రం ఒళ్ళు మండింది. పాతికేళ్ళుగా పిల్లలకి కూడికలు నేర్పుతున్న మనిషి ముందు అనాల్సిన మాటేనా అది?

"పదహారండీ బాబూ! రెండో తరగతి పిల్లాణ్ణి లేపి అడిగినా చెప్తాడు," అన్నాడాయన.

"మీ బళ్ళో పదహారే మాస్టారూ. నా బల్ల మీద నాలుగు." బాబాయి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఓములంటే అడ్డు. గదికి ఒకటే తలుపుంటే జనం తోసుకుంటూ పోతారు. పక్కనే ఇంకో తలుపు తీశారనుకోండి, అడ్డు సగమైపోతుంది కదా? యాంప్లిఫయర్‌కి రెండు బాక్సులు తగిలించినా అంతే. ఎనిమిది కాస్తా నాలుగవుతుంది."

"ఇంతకీ నాలుగు మంచిదా, చెడ్డదా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మంచిదేనమ్మా. నాలుగుకి తగ్గకూడదని నీ యాంప్లిఫయర్ వెనకాలే రాసుంది. తగ్గలేదు. కాబట్టి అది ఆగిపోకూడదు."

"ఆగిపోతోంది కదా!"

"అదే నాకూ అంతుపట్టట్లేదు," అని బాబాయి మళ్ళీ కళ్ళజోడు కిందికి దించేసుకున్నాడు.

డాక్టరమ్మ నిజానికి డాక్టరు కాదు. కళ్ళజోళ్ళ షాపులో వచ్చినవాళ్ళకి చూపు పరీక్ష చేసి నంబరు రాసిచ్చే ఉద్యోగం. తెల్లకోటు వేసుకుంటుంది కాబట్టి బ్యాండులో వాళ్ళు ఆ పేరు తగిలించారు. సాయంత్రాలు ఆ కోటు విప్పేసి బాస్ గిటారు పట్టుకుంటుంది. లావుపాటి తీగలు నాలుగు ఉంటాయి, పాట అడుగున గుమ్‌గుమ్మని నడుస్తుంటుంది. ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు, లేకపోతే పాట చప్పబడిపోతుంది. లెక్కల మాస్టారు ఆ బ్యాండులో డ్రమ్ములు వాయిస్తాడు. అందరికంటే పెద్దవాడు కాబట్టి పెత్తనం కూడా ఆయనదే.

గొడవంతా బాక్సులతో వచ్చింది. ఆమె దగ్గర ఉన్నది మామయ్య చేసిన పాత స్పీకర్ బాక్సు. పదిహేనంగుళాల స్పీకరు ఒకటే, వెనక రేకు మీద "8 ఓములు, 200 వాట్లు" అని ఉంటుంది. ఆదివారం ఉదయం పెద్ద హాల్లో కచేరీ కుదిరేసరికి, ఆ ఒక్కటీ ఏ మూలకీ చాలదని మాస్టారు పట్టుబట్టి వాడిన బాక్సు ఇంకొకటి కొనిపించాడు. పది అంగుళాల స్పీకర్లు నాలుగు, 8 ఓములు, 400 వాట్లు. చూడ్డానికి బీరువాలా దర్జాగా ఉంది. రెండూ కలిపి తగిలించి వాయిస్తే పది నిమిషాలకల్లా యాంప్లిఫయర్ ఎర్రలైటు వేసి నోరు మూసుకుంది. చల్లారాక మళ్ళీ పెట్టారు. మళ్ళీ పది నిమిషాలే.

ఇక సలహాలు మొదలయ్యాయి. మనకి కష్టం వస్తే చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇంత పండితులా అని ఆశ్చర్యపోవాల్సిందే. బాక్సు అమ్మినతను, మీ యాంప్లిఫయర్ ఐదొందల వాట్లే, దానికి దమ్ము చాలట్లేదు, వెయ్యి వాట్లది తీసుకోండన్నాడు. మాస్టారు రెండొందలూ నాలుగొందలూ కలిపి ఆరొందలు అన్నాడు, ఈ కూడిక మాత్రం ఎవరూ కాదనరని నమ్మకం. ఆరొందల బాక్సులకి వెయ్యి పెడితే చిరిగిపోవూ? తగ్గించాలి, మూడొందలది చాలు! కీబోర్డు వాయించేవాడు, చిన్న యాంప్లిఫయర్‌ని పీకల దాకా తోస్తేనే స్పీకర్లు పోతాయని ఎక్కడో చదివానన్నాడు. పెద్దదైతే పోతాయి, చిన్నదైతే పోతాయి. డాక్టరమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"ఆదివారం కూడా ఆగిపోతే పరువు పోతుంది," అని మాస్టారు తీర్పు చెప్పేశాడు. "శనివారం లోపల తేలకపోతే నీ బాక్సులేవీ వద్దు. గిటారు వైరు తిన్నగా హాలు వాళ్ళ స్పీకర్లకి ఇచ్చేద్దాం."

హాలు వాళ్ళ స్పీకర్లు కప్పుకి వేలాడుతూ ఉంటాయి. వాటిలో వస్తే ఊరందరికీ వినపడుతుంది, మామయ్యకి తప్ప.

మామయ్య అంటే అమ్మకి తమ్ముడు. చెక్కపని ఆయనది. నాన్న పోయాక ఈమెని పెంచి, పదహారో ఏట గిటారు కొనిపెట్టి, దానికి బాక్సు కూడా తన చేత్తోనే చేసిన మనిషి. నాలుగైదేళ్ళుగా చెవులు మొరాయిస్తున్నాయి. ముందు ఫోను గంట పోయింది, తర్వాత ఆడవాళ్ళ మాటలు, తర్వాత మగవాళ్ళవీ పోయాయి. చెవి మిషను కొనిస్తే గోల గోలగా ఉందంటూ చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతాడు, జేబుకి బాగా వినపడుతుందేమో! ఇప్పుడాయనకి మిగిలింది బాగా అడుగున ఉండే శబ్దమే. అది కూడా బాక్సు పక్కన కుర్చీ వేసుకుని, చెక్క మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటేనే. ఆదివారం కచేరీకి నెల ముందే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. "ఒక్కసారి నిండు సభలో నా బాక్సులోంచి నువ్వు వాయిస్తుంటే వినాలే అమ్మడూ," అన్నాడు. వచ్చే ఏటికి ఆ కాస్తా మిగులుతుందో లేదోనని ఆయన అనలేదు. ఆమెకి మాత్రం అదే భయం.

శుక్రవారం దాకా ఆమె చేయని ప్రయత్నం లేదు. వైర్లు మార్చింది, ఫ్యాను పెట్టింది, బాక్సుల్ని దూరం జరిపింది, దగ్గరికి జరిపింది. ఏం చేసినా పది నిమిషాలే.

శుక్రవారం మధ్యాహ్నం షాపుకి ఒక పెద్దాయన వచ్చాడు. తలనొప్పి, చదువుతుంటే కళ్ళు లాగుతున్నాయి అన్నాడు. "చూపు మాత్రం బ్రహ్మాండంగా ఉందమ్మా, రెండు కళ్ళతో చివరి వరసదాకా చదివేస్తాను," అని గడగడా చదివి చూపించాడు కూడా. డాక్టరమ్మ అలవాటుగా ఆయన ఎడమ కన్ను మూసింది. మళ్ళీ చదివాడు. తర్వాత కుడి కన్ను మూసింది. పెద్దాయన పై నుంచి రెండో వరస దగ్గరే ఆగిపోయాడు.

"మోత బరువంతా ఒక కంటి మీదే పడుతోందండీ. అందుకే తలనొప్పి," అని చెబుతూ చెబుతూ ఆమె నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఒక కన్ను మూయకుండా రెండో కంటి నంబరు రాసింది లేదు. అలాంటిది నాలుగు రోజులుగా రెండు బాక్సుల్నీ కలిపే పెట్టి తల బద్దలు కొట్టుకుంటోంది. కొత్తగా చేరిన పిల్లలెవరైనా ఈ పని చేస్తే చెడామడా తిట్టేది.

ఇంటికి పోతూ రిపేరు బాబాయి దగ్గర ఓములు కొలిచే మీటరు అడిగి తెచ్చుకుంది. రేకు మీద రాసినదానికంటే మీటరు కాస్త తక్కువే చూపిస్తుందని, ఎనిమిదిదైతే ఆరు చిల్లర వస్తుందని ఆయన ముందే చెప్పాడు. కొత్త బాక్సుకి పెట్టింది. ఆరున్నర. సరే. మామయ్య బాక్సుకి పెట్టింది. మూడుంపావు. మీటరు పాడైందేమోనని దులిపి మళ్ళీ పెట్టింది. మూడుంపావే.

ఫోనులో బాబాయి ఎగిరి గంతేశాడు. "అది ఎనిమిది కాదమ్మా, నాలుగు! నాలుగూ ఎనిమిదీ కలిస్తే మూడు కూడా రాదు. అందుకే యాంప్లిఫయర్ చేతులెత్తేస్తోంది. పైగా అడ్డు తక్కువున్న వైపే ఎక్కువ పోతుంది. అంటే నీ పెద్ద బాక్సుకి ఒక వంతు, మీ మామయ్య దానికి రెండు వంతులు. బక్కప్రాణి మీద రెండు బస్తాలు వేశావు! అది ఆగిపోబట్టి సరిపోయింది, లేకపోతే పాత స్పీకరు ఈపాటికి చిరిగేది. పెద్దదొక్కటే పెట్టుకో, ఏ గొడవా ఉండదు. పాతది ఇంట్లో పడేయ్."

లెక్క తేలింది గానీ అయోమయం తేలలేదు. మామయ్య ఏ పనిలోనూ తప్పు రేకు కొట్టే మనిషి కాదు. ఆమె మరమేకులు విప్పి వెనక చెక్క తీసింది. ఆ రోజుల్లో బాక్సు మూసే ముందు స్పీకరు వెనక అయస్కాంతం మీద తను నీలం సిరాతో ఒక పువ్వు గీసింది. "లోపల ఎవరు చూస్తారే," అని మామయ్య నవ్వాడు. ఇప్పుడు చూస్తే పువ్వు లేదు. ఆ అయస్కాంతం నలుపు, ఈ అయస్కాంతం బూడిద రంగు. ఇది వేరే స్పీకరు.

మామయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆమె కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించింది: స్పీకరు మార్చావా?

"నేనా? నేనెందుకు మారుస్తానే? రేకు మీద ఎనిమిదని ఉంటే," అని విసుక్కుని, మరమేకులు ఏరి ఆమె చేతిలో పోసి వెళ్ళిపోయాడు. జన్మలో ఆమెతో అబద్ధమాడని మనిషి. శనివారం మాస్టారికి మాత్రం, తేలిపోయింది, ఇక ఆగదు అని చెప్పేసింది.

ఆదివారం ఉదయం హాలుకి అందరికంటే ముందు మామయ్యని తీసుకుని వెళ్ళింది. రెండు బాక్సులూ వేదిక మీద పెట్టించింది, ఎందుకంటే బీరువా కనపడకపోతే మాస్టారు ఒప్పుకోడు. వైరు మాత్రం మామయ్య బాక్సుకే తగిలించింది. ఐదొందల వాట్ల యాంప్లిఫయర్, రేకు మీద రెండొందలని ఉన్న బాక్సు, లోపలి స్పీకరు ఎంతదో తెలియదు. ఒక గీత ఎక్కువ తిప్పితే చిరుగుతుంది, ఒక గీత తక్కువైతే మామయ్యకి అందదు. ఆ గీత ఎక్కడుందో చెప్పగలిగినవాళ్ళు లేరు.

మామయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, అరచెయ్యి చెక్క మీద పెట్టించింది. ఒక తీగ మీటి ఒక వేలు చూపించింది. యాంప్లిఫయర్ మీద శబ్దం పెంచే మీట కాస్త తిప్పి, మళ్ళీ తీగ మీటి రెండు వేళ్ళు చూపించింది. ఇదా, ఇందాకటిదా? రోజుకి నలభై మందిని అడిగే ప్రశ్నే.

"రెండోది," అన్నాడు మామయ్య.

ఇంకాస్త తిప్పింది. మళ్ళీ రెండోదే. ఇంకాస్త. ఆయన మొహం విప్పారింది. ఇంకాస్త తిప్పేసరికి చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

"తగ్గించు! తగ్గించెయ్! ఇక్కడే చిరిగింది."

ఆమె మీట వెనక్కి తిప్పేసి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఏది చిరిగిందని కాగితం మీద రాయాల్సిన పని పడలేదు.

"నీకు పాప పుట్టాక మూడేళ్ళు గిటారు ముట్టుకోలేదు చూడు, అప్పుడిది నా పని షెడ్డులోనే ఉండేది కదా," అన్నాడు మామయ్య, ఆమె మొహం చూడకుండా. "నీ యాంప్లిఫయర్‌కి రేడియో తగిలించుకుని వింటూ పనిచేసుకునేవాణ్ణి. రోజురోజుకీ శబ్దం తగ్గిపోతూ వచ్చింది. బాక్సు పాతబడిందనుకున్నాను. తిప్పుతూ పోయాను. ఒకరోజు బర్రున చిరిగింది. బజారుకెళ్ళి పదిహేనంగుళాలది ఇమ్మన్నాను, ఇచ్చాడు. నాకు అంగుళాలు తెలుసు గానీ ఈ ఓములేం తెలుస్తాయే? రంధ్రంలో సరిగ్గా కూర్చుంది. బిగించేశాను."

"చెప్పొచ్చు కదా మామయ్యా," అంది ఆమె. ఆయనకి వినపడలేదు, పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు.

"కొత్త స్పీకరు పెట్టినా అలాగే వినపడిందే అమ్మడూ. పాడైంది బాక్సు కాదని అప్పుడు తెలిసింది. అది నీకెలా చెప్పను?"

ఆమె ఆయన చెయ్యి మళ్ళీ చెక్క మీద పెట్టింది. మీట మీద, చిరిగే చోటుకి ఒక గీత ఇవతల, జేబులోని పెన్నుతో గుర్తు పెట్టుకుంది. ఈలోగా మాస్టారు డ్రమ్ములు మోయించుకుంటూ వచ్చాడు.

కచేరీ గంటన్నర సాగింది. యాంప్లిఫయర్ ఒక్కసారి కూడా ఆగలేదు. మూడో పాటలో ఒకచోట ఆమె వేలు జారి పక్క తీగ మీద పడింది. ఆ మాత్రానికి సభలో ఎవరూ తల తిప్పలేదు, పక్కనే ఉన్న మాస్టారు కూడా తన వాయింపులో తను మునిగి ఉన్నాడు. మామయ్య కుర్చీ వైపు చూడ్డానికి ఆమెకి ధైర్యం చాలలేదు. ఆ చెయ్యి చెక్క మీద ఉందో, ఒళ్ళో పడిపోయిందో?

చప్పట్లు అయ్యాక మాస్టారు బీరువా బాక్సు భుజం తట్టాడు. "చూశావా డాక్టరమ్మా? పెద్దది కొనమని నేను చెప్పబట్టి! ఆ గంభీరం చూడు, నాలుగు స్పీకర్లంటే నాలుగే మరి." దాని వెనక వైరే లేదన్న సంగతి ఆమె చెప్పలేదు. ఎందుకులే, పాపం, లెక్కల మనిషి.

మామయ్య ఇంకా లేవలేదు. అరచెయ్యి బాక్సు మీదే ఉంది. ఆమె దగ్గరికి వచ్చి వంగగానే, రహస్యం చెబుతున్నాననుకుని హాలంతా వినపడేలా అడిగాడు.

"మూడో పాటలో తప్పు వాయించావు కదూ?"

మాస్టారు గిర్రున తిరిగి చూశాడు. డాక్టరమ్మకి సిగ్గుతో తల వాలిపోవాలి. ఆమె మాత్రం మామయ్య చేతి మీద మొహం పెట్టుకుని, అవును మామయ్యా, తప్పే, తప్పే, అంటూ సంతోషంతో వెక్కి వెక్కి ఏడ్చింది.