క్లోజ్డ్ అంటే

నీటి పంపుహౌస్‌లో ఆమెను అందరూ పంతులమ్మ అనేవారు. ఇంజనీరే అయినా, చేరినవాళ్లకు పని నేర్పే బాధ్యత ఆమె మీద పడ్డాక ఆ పేరు అతుక్కుపోయింది. పెట్టింది ఎవరో కాదు, సొంత చిన్న మామయ్యే. ఆయన అక్కడే ఏళ్ల తరబడి నీటి వాల్వులు చూసేవాడు. కరెంటు గది చూసే మనిషి రిటైరయ్యాక ఆ పనికి ఆయన్ను సిఫారసు చేసింది పంతులమ్మే.

ఈమధ్య పైఆఫీసువాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి పంపారు. పనిలో వాడే మాటలకు అర్థం ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పాలి. అది విని, ఎవరు ఏ మాటను తప్పుగా అర్థం చేసుకున్నారో పసుపు రంగులో చూపిస్తుంది. మామయ్యకు ఒళ్లు మండింది.

"నాకు పనొచ్చో రాదో ఓ పెట్టె తేలుస్తుందా? నువ్వు పెట్టిన పరీక్ష పాసయ్యాను కదే!"

"పెట్టె కాదు మామయ్యా, ప్రోగ్రాము. రెండు ముక్కలు మాట్లాడు, నా మాట కాదనకు."

సణుక్కుంటూనే మాట్లాడి వెళ్లాడు.

మర్నాడు పొద్దున పంతులమ్మ ఫలితాలు తెరిచింది. మామయ్య పేరు పక్కన ఒక మాట పసుపు రంగులో ఉంది: క్లోజ్డ్. ఆమెకు నవ్వొచ్చింది. అంతకుముందు రోజు రోజూ షిఫ్టులు మారే గేటు కాపలా మనిషికి 'షిఫ్టు' అంటే తెలియదని చూపించి, అదే ప్రోగ్రాము అందరినీ నవ్వించింది. ఇదీ అలాంటిదే అనుకుని మూసేసింది. కానీ మనసు కుదుటపడలేదు. టీ తెప్పించుకుని తాగలేకపోయింది. లేచి కిటికీ దాకా వెళ్లింది, మళ్లీ వచ్చి కూర్చుంది. చివరికి రికార్డయిన మామయ్య గొంతు పెట్టి విన్నది.

"క్లోజ్డ్ అంటే ఏముందమ్మా, మూసేశామని. ఇంక అటునుంచి ఇటు ఏమీ రాదు."

వాల్వు విషయంలో అది అక్షరాలా నిజం. కరెంటును కలిపే, తెంచే బ్రేకరు విషయంలో పూర్తిగా తలకిందులు. అక్కడ క్లోజ్డ్ అంటే తీగలు కలిసి ఉన్నాయని, కరెంటు పారుతోందని. బ్రేకరుకు ఉండే స్థితులేవని ఆమె పరీక్షలో అడిగింది. 'ఓపెన్, క్లోజ్డ్' అని ఆయన రాశాడు. పూర్తి మార్కులు వేసింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఇవాళ ఫిట్టరు మోటారు విప్పుతున్నాడు. కరెంటు లేదని చెప్పాల్సింది మామయ్య.

ఆయనకు ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. పంపుల హోరులో ఎలా వినిపిస్తుంది? ఇనుప మెట్లు దడదడా దిగింది. తడి నేల మీద కాలు జారి గోడ పట్టుకుని నిలదొక్కుకుంది, మళ్లీ పరుగు.

విప్పాల్సిన మోటారు నిశ్శబ్దంగానే ఉంది. కానీ ట్యాంకులో నీళ్లు తగ్గితే దానంతట అదే తిరుగుతుంది. ఫిట్టరు గొంతుక్కూర్చుని వైర్ల మీది మూత తీసేశాడు. కరెంటు గది గుమ్మంలోంచి మామయ్య కేకేస్తున్నాడు: "క్లోజ్‌లోనే ఉందిరా, కానియ్!"

"చెయ్యి పెట్టకు!"

దూరంనుంచి ఆమె వేసిన అరుపు ఆ హోరులో ఫిట్టరుకు వినిపించలేదు. వెనకనుంచి చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. అతను వెల్లకిలా పడ్డాడు.

"మేడమ్! ఏమైంది మీకు?"

"మీటరు పెట్టి చూడు."

అయోమయంగా పెట్టాడు. ముల్లు ఒక్కసారిగా లేచింది. ఫిట్టరు చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఎప్పుడూ ముందు మీటరు పెట్టే చేస్తాను మేడమ్. ఇవాళ మామయ్య చెప్పాడు కదా అని..." అని ఆగిపోయాడు.

పంతులమ్మ లోపలికి వెళ్లి బ్రేకరును ఓపెన్‌కు మార్చి, కరెంటు ఆపి తాళం వేసింది. మామయ్య ఇంకా దానివంకే చూస్తున్నాడు. "మూసే ఉంచానుగా..." అన్నాడు, చిన్నపిల్లాడిలా.

ఆమె విడమరిచి చెప్పింది. వింటూ వింటూ ఆయన మెట్ల మీద కూలబడ్డాడు.

"వాడికేమన్నా అయ్యుంటే వాడి పెళ్లానికి నా మొహం ఎలా చూపించేవాణ్ణే?"

"నేను సరిగ్గా అడగలేదు మామయ్యా. మార్కులు వేశానంతే."

"నువ్వడిగినప్పుడల్లా అర్థమైందని తల ఊపాను. సిగ్గేసింది, పిల్ల ముందు తెలియదనడానికి." ఆయన మొహం తుడుచుకున్నాడు. "నన్నిలా వదిలెయ్. ఇంకెవరు నాలాగే తల ఊపారో ముందు వెళ్లి చూడు."

ఆమె వెళ్లింది. వాల్వుల పనిలోంచి కరెంటు పనికి వచ్చినవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. ఇద్దరికీ అదే మాట పసుపే. సాయంత్రానికల్లా ప్రతి బ్రేకరు మీదా తెలుగులో పెద్ద అక్షరాలు అంటించారు: కరెంటు ఉంది, కరెంటు లేదు. మామయ్య వారం తిరక్కుండానే తన వాల్వుల దగ్గరికి వెళ్లిపోయాడు, ఎంత బతిమాలినా వినలేదు. ఫిట్టరు మాత్రం ఆయనతో కలిసే టీ తాగుతాడు.

పంతులమ్మకు చాలాకాలం నెమ్మది దొరకలేదు. క్లాసులో ఎవరైనా "అర్థమైంది మేడమ్" అంటే చాలు, ఆమె పాఠం ఆపేస్తుంది.

"ఏం అర్థమైంది? నీ మాటల్లో చెప్పు," అంటుంది.