భీమక్క చెప్పని మాటలు

బిందెను మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని భీమక్క ‘కృ’కు సుడి తిప్పుతోంది. సూది స్టీలు మీద ఆడేటప్పుడు వచ్చే చప్పుడుకు కొత్తవాళ్ళ పళ్ళు జివ్వుమంటాయి. బేరమాడుతున్న ఆడవాళ్ళు మాట ఆపి చెవులు మూసుకుంటారు. భీమక్కకు మాత్రం ఆ చప్పుడు ఆగితేనే ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. సుడి దగ్గర చెయ్యి తొందరపడకూడదు. గీత జారితే చెరిపి దిద్దుకోవడానికి ఇది బడిపిల్లల పలక కాదు, పెళ్ళివారి బిందె.

కడప వన్‌టౌన్‌లో స్టీలు సామాను కొట్లన్నీ ఒకే సందులో వరసగా ఉంటాయి. అందులో ఓబులేసు కొట్టు ముందరి మెట్టు భీమక్కది. పొట్టి మనిషి. మణికట్టు మగవాడి మణికట్టంత లావు. కుడి బొటనవేలి కండ కాయగట్టి నల్లగా మెరుస్తుంది. కళ్ళజోడుకు ఒక వైపు పుల్ల విరిగితే దారం కట్టి చెవికి చుట్టుకుంది. స్టీలు రజను చీర కుచ్చిళ్ళలో చేరి, ఎండ పడితే పెళ్ళికూతురి చీరలా తళుక్కుమంటుంది. చీర మాత్రం పాతదే.

“ఎవరి పేరప్పా?” అని అడిగిగానీ ఆమె పేర్లు చెక్కే మిషను ఆన్ చేయదు. పెళ్ళికూతురి తండ్రి గంభీరంగా ఇంటిపేరు, తన పేరు, అల్లుడి పేరు చెబుతాడు.

“అవన్నీ సరే. పాప పేరేమి?”

పాప పేరు పైన, పెద్దగా. తక్కినవాళ్ళు కిందికి, చిన్నగా. అది ఆమె పద్ధతి. ఎవరైనా ఎందుకని అడిగితే, “రేపు ఆ ఇంట్లో భాగాలు పంచుకుంటారు. తపేలా ఎవరిదో తపేలానే చెప్పల్ల. ఆ పొద్దు మీరు వచ్చి చెప్తారా?” అంటుంది. నొచ్చుకుని వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు పక్క కొట్లో పేర్లు కొట్టించుకుని, ఆ వంకర అక్షరాలు చూసి, మరుసటి పెళ్ళికి మళ్ళీ ఈ మెట్టు దగ్గరికే వచ్చారు.

ఆమె పుట్టింది, మెట్టింది కోసిగి పక్కన. వానలు మొహం చాటేసిన ఏడల్లా మొగుడు చిన్న ఈరన్నతో కలిసి గుంటూరు మిరప కోతలకు పోయేది. చేతులు మండి మండి చివరికి ఈరన్నే విసుక్కుని, కడపలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో కుదిరాడు. మిరప ఘాటు వదిలింది, రాతిపొడి పట్టుకుంది. కొన్నేళ్ళకు దగ్గుతోనే పోయాడు. ఆ తర్వాత భీమక్క ఓబులేసు కొట్లో చిమ్మడానికి వచ్చింది. అప్పట్లో మెట్టు మీద కూర్చుని పేర్లు చెక్కే ముసలి సాయిబుకు చూపు తగ్గుతోంది. పాడైన మూతలు ఇచ్చి గీసుకోమన్నాడు. ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు. పేర్లలో లేని అక్షరం అంటూ ఉండదు కనుక అన్నీ వచ్చేశాయి. మందుల షాపు బోర్డూ, బస్సు మీద రాతా, బిస్కెట్ పొట్లం మీది మాటా ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

లక్ష్మీప్రియ ఆ మెట్టు దగ్గరికి వచ్చింది పోయిన ఎండాకాలం. ఎండ నెత్తికెక్కి సందు బోసిపోయిన వేళ, దళసరి స్టీలు రేకు ఒకటీ, మడిచిన కాగితం ఒకటీ పట్టుకుని వచ్చింది. తోటలూ కంకర క్రషర్లూ ఉన్న ఇంటి ఆడపిల్ల. ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ మీద బయటి దేశాలవాళ్ళకు పని చేసేది. వాళ్ళు జీతం రూపాయల్లో కాకుండా క్రిప్టోలో, అంటే నెట్టులోనే ఉండే డబ్బుల్లో, ఇచ్చేవాళ్ళు. కాగితం మీద పన్నెండు ఇంగ్లీషు మాటలు ఉన్నాయి.

“అక్కా, ఇవి ఈ రేకు మీద కొట్టియ్యి. చదవకుండా కొడతావా?”

“కండ్లు మూసుకోని కొట్టమంటావా పాపా?”

ఆ పిల్ల నవ్వేసింది. నవ్విన తర్వాత దాచబుద్ధి కాలేదేమో, మెట్టు మీద పక్కనే కూర్చుంది.

“ఈ డబ్బులు బ్యాంకులో ఉండవక్కా. మేనేజర్ లేడు, సంతకం లేదు. తాళంచెవి ఎవరి దగ్గరుంటే డబ్బులు వాళ్ళవి. ఆ తాళంచెవి ఒక చిన్న మిషన్లో పెట్టినా. దానికి నెట్టు తగలనీను. అది పోయినా, కాలినా, ఈ మాటలు వరసగా ఉంటే తాళంచెవి మళ్ళా తయారవుతాది. కాగితమైతే చెదలు తింటాది. ఫోన్లో పెడితే దొంగ తింటాడు.”

“టౌన్లో లేజర్ మిషన్లు ఉండాయి గదా. చిటికెలో కొడతారు.”

“అవి కంప్యూటర్‌కు తగిలించి ఉంటాయి. అందులో ఎక్కిన మాట యాడికన్నా పోతాది. నీ మిషను తీగ గోడ దాకనే గదా పోయేది.”

ఆ మాట భీమక్కకు నచ్చింది. తన పాత మిషనును ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. అక్షరం అక్షరం లోతుగా చెక్కింది. ఆ పన్నెండింటిలో ఒకటి రోజూ ఆమె వంటింట్లో ఉండే వస్తువే. అదేమిటో ఇక్కడ రాస్తే భీమక్క ఊరుకోదు. పని అయ్యాక టీ బంకులో అగ్గిపెట్టె అడిగి తెచ్చుకుని, ఆ పిల్ల కాగితాన్ని మెట్టు మీదే కాల్చేసింది.

పోతూ పోతూ ఆగి చెప్పింది. “అక్కా, ఈ పన్నెండూ తెలిసినా చాలదు. ఇంకొక మాట నా తలకాయలోనే ఉండాది. అది లేకుంటే రూపాయి కూడా కదలదు. ఎవరన్నా వచ్చి నిన్ను పీడిస్తే చెప్పెయ్యి. నాకేం నష్టం లేదు. నా కోసం నువ్వు మాట పడొద్దు.”

ఇవాళ బిందె మీద ‘కృష్ణవేణమ్మ’ సగంలో ఉండగా, సందులోకి పట్టీ పట్టనట్టు ఒక తెల్ల కారు వచ్చి కొట్టు ముందు ఆగింది. దిగినవాడు లక్ష్మీప్రియ అన్న వీరభద్ర.

నెల కిందట చెల్లెలు ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. ఎవరితోనో కాదు, ఒక్కతే వెళ్ళింది. ఇంట్లోవాళ్ళకు అదే ఎక్కువ నామోషీ అయింది. పెళ్ళి కుదిర్చి, ఆ క్రిప్టో అంతా అమ్మి అన్న చేతిలో పెట్టమన్నారు. రెండూ కాదని రేకు తీసుకుని వెళ్ళిపోయింది. చిన్న మిషను మాత్రం బీరువాలో దొరికింది. అది నాలుగంకెల నంబరు అడిగింది. వాళ్ళింట్లో కార్లకూ లారీలకూ అన్నిటికీ ఒకటే నంబరు, వేలంలో పోటీపడి కొన్నది. ఆ నంబరంటే ఇంటి పరువు. చెల్లెలి తాళానికీ అదే ఉంటుందని వీరభద్రకు రవ్వంత అనుమానం కూడా కలగలేదు. నొక్కాడు. కాదంది. తన వేలే జారిందేమోనని మళ్ళీ అదే నొక్కాడు. మూడోసారి కూడా అదే నొక్కేసరికి, ఆ మిషను లోపలున్నదంతా తుడిచేసుకుని, అప్పుడే కొన్నదానిలా అమాయకంగా వెలిగింది. ఇక మిగిలిన దారి ఆ మాటలే. రేకు ఎవరు చెక్కారో ఏదో పెళ్ళిలో ఓబులేసే నోరు జారాడు.

“ఏమ్మే, మా ప్రియకు రేకు మీద రాసిచ్చింది నువ్వేనా?”

“రాయలేదప్పా. కొట్టినా.”

“ఏం కొట్టినావు?”

“ఆ పాప కొట్టమన్నవి.”

గల్లా పెట్టె దగ్గర నుంచి ఓబులేసు పరుగున వచ్చాడు. అతను అద్దెకుంటున్న ఈ కొట్టు గది వీరభద్ర మేనమామది. “అన్నా, ఆమెది కోసిగి పక్క. ఇంగ్లీషు రాదు. ముగ్గు చూసి ముగ్గేసినట్టు గీస్తాది, అంతే. నువ్వు లోపలికి రా, టీ తాగుదువు.”

వీరభద్ర ఆమె పగిలిన పాదాల వంక, దారం కట్టిన కళ్ళజోడు వంక చూశాడు. అవును, ఈమెకేం వస్తుంది అన్నట్టు అతని మొహం సడలింది. భీమక్క తల వంచుకుని సూది ఆడించుకుంటే సరిపోయేది. కారు వచ్చిన దారినే పోయేది. ఓబులేసు పాపం మంచికే అన్నాడు.

కానీ ఆ ‘రాదు’ అన్న మాట ఆమెకు కొత్తది కాదు. ఈరన్న పోయిన రోజు ఫ్యాక్టరీ మనిషి కాగితం తెచ్చి, “ఆమెకు రాదులే, వేలిముద్ర తీసుకో” అన్నాడు. వేసింది. ఈరన్న బీడీలు తాగి తాగి పోయాడని ఆ కాగితంలో ఉందట. రాతిపొడి మాట ఎక్కడా లేదట. తర్వాతెప్పుడో ఎవరో చదివి చెప్పారు. ఈరన్న జన్మలో బీడీ ముట్టలేదు. 

“వస్తాది,” అంది.

“ఏం వస్తాది?” అన్నాడు వీరభద్ర.

“ఇంగ్లీషు. చదవనొస్తాది. ఆ మాటలన్నీ చదివే కొట్టినా. మరిచిపోలేదు.” మిషను ఆపి తలెత్తింది. “చెప్పను.”

ఓబులేసు నుదురు కొట్టుకున్నాడు.

“ఏమ్మే, ఆ పిల్లను చదివించింది మేము. ఆ డబ్బు మాది కాదా?”

“మీదైతే ఆ మాటలు మీకే తెలిసుండవా అప్పా? నన్నెందుకు అడుగుతాండావు?”

వీరభద్ర ఆమెతో మాట్లాడటం మానేసి ఓబులేసు వైపు తిరిగాడు. “కొట్టు నడపల్లని ఉండాదా లేదా?” అని మాత్రం అడిగాడు, నెమ్మదిగానే.

ఓబులేసు మెట్టు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. “భీమక్కా, చెప్పెయ్యి తల్లీ. నాకూ బిడ్డలుండారు. చెప్పకుంటే రేపటి నుంచి ఈ మెట్టు ఎక్కేది వద్దు. నేనేం చేసేది?”

భీమక్కకు అతని మీద కోపం రాలేదు. ఈ మెట్టు లేకపోతే రేపు తిండి ఎక్కడిదో ఆమెకూ తెలియదు. చెప్పేయమని లక్ష్మీప్రియే సెలవిచ్చింది. చెబితే ఆ పిల్లకు నష్టమేమీ లేదు, వీరభద్రకు లాభమూ లేదు, తన మెట్టు తనకుంటుంది. అంతా తెలుసు. అయినా నోరు రాలేదు. సెలవిచ్చింది ఆ పిల్ల మంచితనం. దాన్ని చాటు చేసుకుని, తనను ‘ఏమ్మే’ అన్నవాడి ముందు పరాయి ఆడపిల్ల మాటలు ఒప్పజెప్పడం తన వల్ల కాదు.

“చెప్పనప్పా,” అంది ఓబులేసుతో, మెల్లగా.

వీరభద్ర లోపలికి వెళ్ళి వరసలోంచి ఒక పెద్ద పళ్ళెం లాగి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. “సరే, నోటితో చెప్పొద్దు. ఈ తట్ట మీద కొట్టు. నువ్వు చెప్పినట్టూ కాదు, నేను అడిగినట్టూ కాదు.”

భీమక్క పళ్ళేన్ని ఒళ్ళోకి తీసుకుని మిషను ఆన్ చేసింది. ఓబులేసు ఊపిరి వదిలాడు. వీరభద్ర ఫోను తీసి ఫోటోకు సిద్ధంగా పట్టుకున్నాడు. ఆమె తొందరపడలేదు. పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, పళ్ళెం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఒక్కో గీత రెండేసి సార్లు పోయేలా చెక్కింది. రజను ఊది, కొంగుతో తుడిచి, రెండు చేతులా అందించింది.

వీరభద్ర చదివాడు. పైన భీమక్క. కింద కోసిగి. అంతే.

“ఇదేంది?”

“ఈ రెండు మాటలూ నావి, అందుకే నీకిస్తాండా. తక్కినవి నావి గావు.”

అతను పళ్ళెం విసిరికొట్టాడు. అది బండల మీద గుండ్రంగా తిరిగి తిరిగి, సందంతా మోగించి, కాలవ అంచున పడింది. పక్క కొట్లవాళ్ళు తొంగిచూశారు. అంతమంది చూస్తుండగా వీరభద్ర కారెక్కాడు. కారు సందులో తిరగలేక వెనక్కి వెనక్కి పోయింది.

సాయంత్రానికి పెళ్ళివారికి బిందె కావాలి. భీమక్క దాన్ని మళ్ళీ మోకాళ్ళ మధ్యకు తీసుకుని, మిగిలిన పేరు పూర్తి చేసింది. సుడీ ఒత్తులూ సరిచూసుకుంది. మిషను తీగ చుట్టి ఓబులేసు బల్ల మీద పెట్టింది. అది కొట్టుదే. కుళాయి దగ్గర మొహం కడుక్కుని, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, “పోయొస్తానప్పా” అంది. ఓబులేసు గల్లా పెట్టెలోంచి తల ఎత్తలేదు. ఆమె ఆటో స్టాండు వైపు, ఎప్పటిలాగే కాస్త ఎడమ వైపు ఒరుగుతూ నడిచి, మలుపు తిరిగింది.

ఆ తర్వాత ఆ మెట్టు మీదికి ఆమె మళ్ళీ రాలేదు. కాలవ అంచున పడిన పళ్ళేన్ని ఓబులేసు తెచ్చుకున్నాడు గానీ, పేరు పడ్డ సామాను ఇంకెవరూ కొనరు. పాలిష్‌కు ఇస్తే అక్షరాలు పోవాలంటే పళ్ళెమే పోవాలి, అంత లోతుగా దిగాయి అన్నారు. పాత స్టీలు కింద వేసేయడానికి ఓబులేసుకు చెయ్యి రాలేదు. సొట్ట పడిన అంచును గోడకు ఆనించి పై అరలో నిలబెట్టాడు. ఎవరైనా ధర అడిగితే “అది అమ్మేది కాదు” అంటాడు. పొద్దు వాలి ఎండ కొట్లోకి ఏటవాలుగా పడినప్పుడు, ఆ పళ్ళెం మీది అక్షరాలు సందు అవతలి టీ బంకు దాకా కనిపిస్తాయి.