ముక్కు వరకే

దేవకి సంచిలో రెండు చీరలు, తువ్వాలు, స్టీలు గ్లాసు, విభూతి పొట్లం సర్దింది. జిప్పు వేయబోయి ఆగి, గూట్లో ఉన్న మొగుడి డబ్బాలోంచి ఒక గోల్ఫు బంతి తీసి అన్నిటి మీదా పెట్టింది. గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటున్న మునిరాజు అది చూశాడు.

తిరువళ్ళూరు అవతల గోల్ఫు మైదానంలో అతనిది గడ్డి కోసే పని. పొదల్లో దొరికిన, ఎవరికీ పనికిరాని బంతులు ఇంటికి తెచ్చుకునేవాడు. పైపెంకు సగం ఒలిచి, లోపలి రబ్బరు మీద సానబట్టిన గొడుగు కమ్మితో ముఖాలు చెక్కేవాడు. మిగిలిన తెల్లపెంకు తలకు ముసుగులా నిలిచేది. రోజూ ఎక్కే లోకల్ బండిలో పూలమ్మికి పూలమ్మి ముఖం, టిక్కెట్లు చూసే ఆయనకు ఆయన ముఖం చేసి చేతిలో పెట్టేవాడు. వాళ్ళు నవ్వితే చాలు, ఆ రోజంతా ఒంట్లో అలుపుండేది కాదు.

ఒక్క దేవకి ముఖమే చెయ్యలేదు. ఆమె చెయ్యనివ్వలేదు. బతికున్న మనిషికి బొమ్మ చేస్తే ఆయువు బొమ్మలోకి పోతుందని వాళ్ళమ్మ చెప్పిందట. టిక్కెట్టాయన గుండ్రాయిలా ఉన్నాడు కదా అని మునిరాజు ఎగతాళి చేసేవాడు. అది ఆయన పెళ్ళాం చూసుకుంటుంది, నా జోలికి రావద్దు అనేది ఆమె.

ఇప్పుడు ఆమే బంతి తీసింది.

మర్నాడు ఆడి కృత్తిక, కొండమీది స్వామికి కావళ్ళు మోసే పండగ. ఎదురొచ్చే బండ్లన్నీ కావళ్ళతో, పసుపు బట్టలతో వీళ్ళ ఊరు తిరుత్తణికి వస్తున్నాయి. వీళ్ళ బండి మాత్రం ఖాళీగా ఉంది. దేవకీ, ఆమె తమ్ముడు చౌడయ్యా అరక్కోణంలో దిగి వేలూరు వైపు బండి ఎక్కాలి. అక్కడి ఆసుపత్రిలో ఆమె కడుపులోని గడ్డకు ఆపరేషను. మునిరాజు ఇదే బండిలో పనికి పోవాలి. మైదానంలో పోటీలున్నాయి, ఆదివారం దాకా సెలవు లేదన్నారు.

కిటికీ పక్కన కూర్చున్నాక దేవకి బంతి తీసి అతని చేతిలో పెట్టింది.

"చెయ్యి."

"ఇన్నాళ్ళు వద్దంటివి గదమ్మే?"

"అప్పుడు వద్దనిపించింది. ఊర్లో అందురి మొగాలు చేసినావు. రేపు ఎవురితో జగడమాడతావు? పూలమ్మితోనా?"

చౌడయ్య నవ్వాడు. మునిరాజుకు నవ్వు రాలేదు. పెళ్ళైన నాటినుంచి ఏ నమ్మకాన్ని వెక్కిరించాడో అదే ఇప్పుడు అతన్ని పట్టుకుంది. ఆమె దాన్ని వదిలేసిందంటే, తిరిగొస్తానన్న ఆశనూ వదిలేసినట్టే.

చేతులు మాత్రం పనిలో పడ్డాయి. బంతి లోపల ఏ రంగుంటుందో కోస్తేగాని తెలియదు. పెంకు ఊడగానే వంకాయ రంగు బయటపడింది. తన పెళ్ళిచీర రంగేనని దేవకి మురిసిపోయింది. అతను ఎప్పుడూ ముక్కుతోనే మొదలుపెడతాడు. కాస్త వంకరగా ఉండే ఆ ముక్కు, ఆమె వైపు చూడకుండానే కుదిరింది. కంటి దగ్గరికి వచ్చి కమ్మి ఆగింది.

"మిగతాది నువ్వొచ్చినాక చేస్తా."

"నువ్వు మొదులుపెట్టింది యాడ ముగించినావు? వాకిలి తలుపుకి ఇంకా సగం రంగే."

అరక్కోణం వస్తోంది. ఆసుపత్రిలో ఎలాగూ తీసెయ్యమంటారని దేవకి ముక్కుపుడక విప్పి, ఆ రబ్బరు ముక్కులో గుచ్చింది. చౌడయ్య సంచి అందుకున్నాడు. దిగేటప్పుడు ఆమె కొంగు తలుపు గొళ్ళేనికి తగులుకుంటే మునిరాజే వంగి విడిపించాడు.

మధ్యాహ్నం మైదానంలో అన్నం తిని, వేపచెట్టు నీడలో బంతి తీశాడు. ఒక్క గీత గీస్తే ఎడమకన్ను వస్తుంది. నవ్వినప్పుడు ఆ కన్ను రెండోదానికన్నా చిన్నదవుతుంది. అది అతని వేళ్ళకు తెలుసు. గీయలేదు. ముఖం సగంలో ఉండగా మనిషిని దేవుడు కూడా తీసుకుపోడని తనకు తానే చెప్పుకుని, బంతిని జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం ఇంటికి తిరిగొచ్చే బండి తిరువాలంగాడు దాటుతుండగా చౌడయ్య ఫోను చేశాడు. చేర్చుకున్నారట, పొద్దున్నే ఆపరేషనట.

"బావా, కండ్లు చేసినావా అని అడుగుతాంది అక్క."

"లేదని చెప్పు. వచ్చినాకనే అని చెప్పు."

వెనకనుంచి దేవకి గొంతు సన్నగా వినబడింది. "సరేలే. ఆయప్పకి ఎప్పుడూ రేపే."

తర్వాత చాలాసార్లు కమ్మి పట్టుకున్నాడు. ఆ ఎడమకన్ను ఎలా ఉండేదో వేళ్ళకు గుర్తు రాలేదు. బంతి గూట్లోనే ఉంది. వంకాయ రంగు ముక్కు, దానికి పుడక, పైన కమ్మి తగలని నున్నటి రబ్బరు. ఆడి కృత్తిక ముందురోజు అరక్కోణంలో దిగిన దేవకి తిరిగి రాలేదు.