తాగి నడిపిన ఇద్దరు

నేను ఒక నీలిరంగు కారును. అమెరికాలో ఒక చిన్న ఊరి రోడ్ల మీదే నా జీవితమంతా గడిచింది. నన్ను మొదట కొన్న వాల్టర్ ఇన్సూరెన్సు పాలసీలు అమ్మేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం మిత్రుడి ఇంట్లో పీకలదాకా తాగి, నన్ను ఫుట్‌పాత్ ఎక్కించి ఎవరిదో ఉత్తరాల పెట్టెను కూల్చేశాడు. పోలీసులు పట్టుకున్నారు. కోర్టు జరిమానా వేసి, కొన్నాళ్ళు లైసెన్సు ఆపి, తాగుడు మీద పాఠాలు వినమంది. ఆ పాఠాల గురించి అతను స్నేహితులకు నవ్వుతూ చెప్పేవాడు. తరవాత కొత్త కారు కొనుక్కుని నన్ను ఐలయ్యకు అమ్మేశాడు.

ఐలయ్యది సిద్దిపేట దగ్గర పల్లె. ఒక ఇండియన్ హోటల్లో వంట చేయడానికి వీసా మీద వచ్చాడు. ఆ హోటల్ మూతపడింది, వీసా గడువు తీరింది, అతను మాత్రం వెళ్ళలేదు. వేరే హోటల్లో పనికి కుదిరాడు. అప్పటికే భార్య రాజమణి వచ్చేసింది, కూతురు పూజిత అక్కడే పుట్టింది. ఆ దేశం పాపను నా బిడ్డ అంది, కన్నవాళ్ళను మాత్రం మీరెవరు అంది.

కాగితాలు లేనివాళ్ళకూ ఆ రాష్ట్రంలో డ్రైవింగ్ లైసెన్సు ఇస్తారు. ఐలయ్యంత భయంగా నన్ను నడిపినవాళ్ళు లేరు. ఎదురుగా పురుగు కూడా లేని చౌరస్తాలో పూర్తిగా ఆపేవాడు.

"ఎవ్వరు లేరు గద, పోరాదు?" అని రాజమణి నవ్వేది.

"ఎవ్వరు లేనప్పుడే మనకు భయం" అనేవాడు.

అలాంటి మనిషి, ఒక తెలుగువాళ్ళ పాప పుట్టినరోజుకు పార్కులో బిర్యానీ వండాడు. తిన్నవాళ్ళంతా మెచ్చుకుని చేతిలో బీరు పెట్టారు, తరవాత ఇంకోటి, ఇంకోటి. బయలుదేరేటప్పుడు రాజమణి తాళం అడిగింది. ఆమెకు డ్రైవింగ్ రాదు. అతన్ని ఆపాలని అడిగింది.

"జరసేపు చెట్టుకింద పండుకో. పిల్ల ఆడుకుంటది."

"డ్యూటీకి యాళ్లయితుంది. గింత దూరమే గద" అన్నాడు.

మలుపులో నన్ను పక్క గీత మీదికి జరిపాడు. వెనకాలే పోలీసు కారు లైట్లు వెలిగాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా తప్పు తప్పే, వెనక సీట్లో కన్నబిడ్డ ఉంది. గొట్టంలోకి ఊదమంటే ఊదాడు. వేలిముద్రలు తీసుకున్నారు, ఆ ముద్రలు చేరవలసిన చోటికి, కాగితాలు లేనివాళ్ళను వెతికే ఇమిగ్రేషన్ ఆఫీసుకు చేరాయి.

కోర్టు ఇచ్చిన వకీలు మంచివాడే. నేరం ఒప్పుకో, జరిమానాతో పోతుంది అన్నాడు. అతనెక్కడ పుట్టాడో, ఏ కాగితాల మీద ఉన్నాడో అడగలేదు. కోర్టు రోజు పొరుగింటి విమల నన్ను నడిపి అతన్ని తీసుకెళ్ళింది. వరంగల్ పిల్ల, ఆ దేశ పౌరురాలు. పని ముగిశాక అతను కోర్టు మెట్లు దిగుతూ "అయిపోయింది చెల్లే" అన్నాడు. మామూలు బట్టల్లో ఉన్న ఇద్దరు ఇమిగ్రేషన్ మనుషులు పేరు పెట్టి పిలిచారు. తమ బండిలోకి ఎక్కిస్తున్నప్పుడు అతను చూసింది నా వైపే. రాజమణి ఉంటే ఆమె వైపు చూసేవాడు.

అతన్ని ఉంచిన నిర్బంధ కేంద్రం ఊరికి దూరంగా, పొలాల మధ్య ఉంది. ఈ కేసు లేకుంటే బెయిలైనా దొరికేదని, బిడ్డను కూర్చోబెట్టుకుని తాగి నడిపినవాణ్ణి జడ్జి ఇక మంచివాడిగా చూడడని కొత్త వకీలు చెప్పాడు. లోపలికి వెళ్ళాలంటే కాగితాలు చూపాలి. అందుకే పూజితను విమల తీసుకెళ్ళేది. రాజమణి రోడ్డు పక్కన నా లోపలే కూర్చుని ఆ గోడను చూసేది. భర్త ఆ వైపు, ఆమె ఈ వైపు.

పిల్ల తిరిగొచ్చి తలుపు తీయగానే "ఏమన్నడు?" అని అడిగేది.

"అమ్మ ఏడున్నదన్నడు. బయట కారులో ఉన్నదంటే, ఇటు దిక్కు తిరిగి కూసున్నడు."

కొన్నాళ్ళకు అతన్ని విమానమెక్కించారు. ఏళ్ళ తరబడి తిరిగి రాకూడదన్నారు. తరవాత ఒక రోజు రాజమణి పిల్లను స్కూలు నుంచి తెస్తూ విమలతో, "మేం కూడ పోతం" అంది.

"పిల్ల చదువో?"

"ఆడ బడి లేదా? నాయన లేనికాడ ఏం చదువుతది?"

పూజిత కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. ఎయిర్‌పోర్టులో దిగినప్పుడు నా తలుపు పట్టుకుని కాసేపు వదల్లేదు. ఆ ఊరు తప్ప ఇంకో ఊరు చూడని పిల్ల. వాళ్ళను ఎవరూ ఆపలేదు. వెళ్ళేవాళ్ళను ఆ దేశం ఎందుకు ఆపుతుంది?

నేను విమల ఇంటి ముందు ఉండిపోయాను. ఐలయ్య సిద్దిపేటలో టిఫిన్ సెంటర్ పెట్టాడని, పూజితకు తెలుగు అక్షరాలు పట్టుబడ్డాయని, నిద్రలో మాత్రం ఇంకా ఇంగ్లీషులోనే కలవరిస్తుందని విమల ఫోన్లో విని భర్తకు చెబుతుంటే విన్నాను. నన్ను పాత ఇనుముకు ఇచ్చేసే రోజు పొద్దున ఆమె నా పక్కన నిలబడి, స్పీకర్ పెట్టి ఐలయ్యకు ఫోన్ చేసింది.

"అన్నా, బండిని ఇస్తున్న. ఇగ నడవదు."

"ఇయ్యి చెల్లే. దాన్నేం చేస్తవ్" అన్నాడు. తరవాత, "ఒక్కసారి ఇంజను వినిపిస్తవా?"

విమల ఫోన్ను బానెట్ మీద పెట్టి తాళం తిప్పింది. దగ్గాను, ఆగాను, రెండోసారికి అందుకున్నాను. అవతల పెనం మీద దోశ పిండి చుర్రుమంది. ఎవరో చట్నీ అడుగుతున్నారు. పెనం మీద దోశ మాడుతున్న సంగతి రాజమణి కేక వేసేదాకా అతనికి తెలియలేదు.