వీధి ఖాళీగా ఉందట

గొడుగుల తాత కాలు విరిగిన చప్పుడు కుట్టుమిషను మోతలోంచి కూడా వదినకు వినిపించింది.

వదిన అన్నది ఆమె పేరేమీ కాదు. భర్త పోయాక అత్తా, మరిదీ, ఆమే ఒకే గదిలో కాపురం ఉంటున్నారు. మరిది నోటి పిలుపే వీధంతటికీ అంటుకుంది, ఆమెకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా వదినా అనే పిలుస్తారు. గదిలో వెలుతురు చాలక ఆమె మిషను అరుగు మీద వేసుకుని కుడుతుంది. ఆ రోజు తలెత్తి చూసేసరికి రాళ్ళ లారీ వెనక్కి వస్తూనే ఉంది. మూలన కూర్చుని గొడుగులు బాగుచేసే తాత ఊచల మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు. అరిచే ఓపిక కూడా లేక నోరు తెరిచి ఆకాశంకేసి చూస్తున్నాడు.

జనం పరుగెత్తుకొచ్చి లారీని ఆపారు. పక్కసీటులోంచి కంపెనీ సూపర్వైజరు దిగాడు. ముందు చక్రం చూశాడు, ఆ తర్వాత తాతను చూశాడు.

"రోడ్డు మీద కూర్చుంటే ఇలాగే ఉంటుంది" అన్నాడు.

తాత ఆ మూలన కూర్చోవడం మొదలుపెట్టేనాటికి ఈ పెద్దమనిషి పుట్టి కూడా ఉండడు.

వీధి చివర పాత ఇటుకబట్టీల స్థలంలో కంపెనీ పెద్ద గోడౌను కట్టబోతోంది. ఆ లారీ దాని ప్రహరీకి రాళ్ళు తోలుతోంది. గోడ కట్టే లారీలకే కాళ్ళు విరుగుతుంటే, గోడౌను తెరిచాక రాత్రనక పగలనక పెద్ద లారీలు గుమ్మాలు రాసుకుంటూ తిరిగితే ఎవరి పిల్లలు మిగులుతారు? గోడౌనుకు వెనకవైపు వెడల్పాటి రోడ్డుంది. కానీ అది చుట్టుదారి. ఈ వీధి అడ్డదారి. కంపెనీకి అడ్డదారే కావాలి.

అందరూ కలిసి మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళారు. మిల్లులో సంఘం నడిపే అతన్ని, సంఘం మనిషి అనే పిలుస్తారు, ముందు పెట్టుకుని వెళ్ళారు. ఆఫీసరు కుర్చీలోంచి లేచి మరీ మాట్లాడాడు.

"ఊరికే గొడవ దేనికి? లెక్క తీయిస్తాం. ఈ వీధిలో ఇప్పుడెంత రాకపోకలున్నాయి, గోడౌను వస్తే ఎంత పెరుగుతాయి, వీధి తట్టుకుంటుందా లేదా, అన్నీ ఇంజనీర్లు వచ్చి చూసి రిపోర్టు రాస్తారు. రిపోర్టు కాదంటే ఈ దారి ఇవ్వం. సరేనా?"

సరేనంటూ మనవాళ్ళు ఇళ్ళకొచ్చారు. చేతులూపుకుంటూ, నవ్వుకుంటూ వచ్చారు. చదువుకున్నవాడు కూర్చుని లెక్క తీస్తే అందులో మనం తప్పకుండా ఉంటామని మనవాళ్ళకు అంత నమ్మకం.

లెక్క ముందురోజు సాయంత్రం సూపర్వైజరు వీధిలో నడుచుకుంటూ వచ్చాడు. గట్టిగా మాట్లాడలేదు, బెదిరించలేదు. "రేపు పెద్ద సార్లు వస్తున్నారు. వీధి కాస్త శుభ్రంగా ఉంచండి, వాళ్ళ పనికి అడ్డం రాకండి" అని మాత్రం చెప్పి పోయాడు.

అంతే. మన కొంప మనమే ముంచుకున్నాం. చీకటి ఉండగానే లేచి వీధి చివరిదాకా ఊడ్చారు. మంచాలు లోపలికి లాగారు. పంచరు షాపతను టైర్లన్నీ లోపల పడేసి షట్టరు దించాడు. తోపుడుబళ్ళు పెరట్లోకి పోయాయి. పిల్లలను గదుల్లో పెట్టి గొళ్ళెం వేశారు. మిల్లు షిఫ్టుకు పోయేవాళ్ళు చొక్కాలకు మురికి ఉందని సిగ్గుపడి వెనక సందులోంచి పోయారు. ఇదంతా భయంతో చేసిన పని కాదు, మర్యాదతో చేసిన పని. సార్లు మన వీధిని చూసి ముక్కు మూసుకోకూడదని చేసిన పని. వదిన కూడా మిషను లోపలికి లాక్కుంది.

మూలన, సరిగ్గా తాత కూర్చునే చోటే, టేబులు వేసుకుని లెక్క తీసేవాళ్ళు కూర్చున్నారు. రోడ్డుకు అడ్డంగా నల్లటి రబ్బరు గొట్టం పరిచారు. దాని మీద ఏ చక్రం ఎక్కినా అంకె పడుతుందట. ఏ చక్రమూ రాలేదు. వదిన తలుపు సందులోంచి చూసింది. ఆ వీధి అంత పొడవుంటుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఎండ కాస్తోంది, మనిషి అలికిడి లేదు.

"ఇదేంటే, వీధి చచ్చిపోయినట్టుంది" అంది అత్త.

"ఊరుకోండత్తా. ఒక్కరోజేగా" అంది వదిన. తలుపు మూసేసింది.

రిపోర్టు చదివే రోజున హాలు నిండా జనం. కళ్ళద్దాల ఇంజనీరు మైకు ముందు నిలబడి నెమ్మదిగా చదివాడు. వీధి దాదాపు ఖాళీగా ఉంటుందట. తెరిచి ఉండే దుకాణాలు లేవట. కాలినడకన పోయేవాళ్ళు లేరట. కాబట్టి గోడౌను లారీలన్నింటినీ ఈ వీధి ఏ ఇబ్బందీ లేకుండా తట్టుకోగలదట.

పంచరు షాపతను లేచాడు. "అబద్ధం."

ఇంజనీరుకు కోపం రాలేదు. వస్తేనే బాగుండేది. "అబద్ధం కాదండీ. మావాళ్ళు రోజంతా కూర్చుని చూసిందే రాశాం. మీరే చెప్పండి, ఆ రోజు మీ షాపు తెరిచారా?"

హాల్లో ఒక్కొక్కరూ తలలు దించుకున్నారు. వదినకు ముందు సిగ్గు ముంచుకొచ్చింది, ఆ వెంటనే కడుపు మండిపోయింది. ముందు వరుసలో కూర్చున్న సూపర్వైజరు వెనక్కి తిరిగి, ఆమెను గుర్తుపట్టి, చిన్నగా తలాడించాడు. శుభ్రంగా ఉంచమని అతను ఎందుకు చెప్పాడో ఆమెకు అప్పుడు తెలిసింది.

"మళ్ళీ లెక్క తీయండి" అంది వదిన. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "అది మా వీధి కాదు. మేం లోపల దాక్కుంటే మిగిలిన రోడ్డు అది."

"రిపోర్టు వచ్చేసిందమ్మా. ఇప్పుడు కుదరదు" అన్నాడు ఆఫీసరు.

"అయితే మేం ఇక్కడే కూర్చుంటాం" అన్నాడు సంఘం మనిషి.

కూర్చున్నారు. మిల్లు షిఫ్టు వదిలాక ఇంకొంతమంది వచ్చి కూర్చున్నారు. గేటు బయటా జనమే. చివరికి కంపెనీ వకీలు ఆఫీసరు చెవిలో ఏదో ఊదాడు. ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు.

"సరే. మళ్ళీ తీస్తాం. ఈసారి గోడౌనుకొచ్చే పెద్ద లారీనే ఒకదాన్ని వీధిలో నడిపి చూస్తాం. అది ఇబ్బంది లేకుండా పోయిందంటే ఇక మీరెవరూ నోరెత్తకూడదు."

జనం చప్పట్లు కొట్టారు. వదిన కొట్టలేదు. వకీలు అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆమెకు నచ్చలేదు.

ఆ వారం పంచరు షాపులో మీటింగు. టైర్ల మీదే కూర్చున్నారు. వాదన ముదిరింది.

మరిది గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఎన్నాళ్ళో రాని వాళ్ళకు బదులెక్కే బదిలీ డ్రైవరుగా తిరిగి తిరిగి, ఈమధ్యే కంపెనీలో నిలకడైన ఉద్యోగం సంపాదించుకున్నాడు. "గోడౌను వద్దంటే నా కూడు వద్దన్నట్టే కదా" అన్నాడు.

"గోడౌను వద్దని ఎవరన్నారు తమ్ముడూ?" అన్నాడు సంఘం మనిషి. "మా గుమ్మాల ముందు నుంచి వద్దంటున్నాం. చుట్టు తిరిగి పోతే వాళ్ళకు డీజిలు ఖర్చు. ఆ ఖర్చు మిగలడానికే తాత కాలు పోయింది. రేపు ఇంకొకరిది పోతుంది. లారీ నడిపినవాడే హంతకుడని నిన్నే జైల్లో పెడతారు. సూపర్వైజరును పెడతారా?"

"లెక్క రోజు నడిపే లారీ నాకే ఇచ్చారు" అన్నాడు మరిది.

మనవాడి చేత్తోనే మన కన్ను పొడిపించడం కంపెనీకి కొత్త విద్య కాదు.

"మానెయ్యరా" అంది వదిన.

"మానేస్తే ఇంకొకడు ఎక్కుతాడు వదినా."

"ఎక్కనీ" అంది అత్త. "ఇంకొకడైతే నేను రాయైనా విసరగలను. నువ్వైతే చెయ్యి రాదు కదరా."

నలుగురు నవ్వారు. మరిది నవ్వకుండానే వెళ్ళిపోయాడు.

రెండో లెక్క రోజు తెల్లారకముందే పోలీసు వ్యాను వచ్చి వీధి మధ్యలో నిలబడింది. సంఘం మనిషిని, కొంచెం మాట్లాడాలంటూ చొక్కా వేసుకోనివ్వకుండా జీపులో తీసుకుపోయారు. తర్వాత మైకు మొదలైంది. లారీ వచ్చి వెళ్ళేదాకా ఎవరూ బయటికి రాకూడదు, ఇది మీ భద్రత కోసమే. అదే మాట మళ్ళీ మళ్ళీ. తలుపులు ఒక్కొక్కటిగా మూసుకున్నాయి. పంచరు షాపు షట్టరు లేవలేదు. మూలన టేబులు, రోడ్డుకు అడ్డంగా నల్ల గొట్టం, టేబులు పక్కన ఇంజనీరు. వీధి మళ్ళీ చచ్చిపోయింది.

వదిన తలుపు వెనక నిలబడింది. ముందుండి నడిపే మనిషి లేడు. నిజం చెప్పాలంటే, లోపలే ఉండిపోదామని ఆమెకు గట్టిగా అనిపించింది. ఆ రోజుకు లోపలుంటే బతికిపోతారు. ఆ తర్వాత ప్రతిరోజూ లోపలే ఉండాలి. వీళ్ళు లెక్క తీయడానికి రాలేదు, మనల్ని మళ్ళీ దాచిపెట్టడానికి వచ్చారనుకుంది. మిషను మీద చెయ్యి వేసింది.

"బరువు. నేనో పక్క పడతాను" అంది అత్త.

ఇద్దరూ మిషను ఎత్తారు. అరుగు మీద ఆగలేదు. మెట్లు దిగి నడిరోడ్డు మీద పెట్టారు. వదిన స్టూలు లాక్కుని కూర్చుని, సగం కుట్టిన లంగా సూది కింద పెట్టి తొక్కడం మొదలుపెట్టింది.

కానిస్టేబులు వచ్చాడు. "అమ్మా, లోపలికెళ్ళు."

"ఎందుకండీ?"

"లెక్క తీస్తున్నారు."

"అందుకే బయట కూర్చున్నా. నన్నూ రాసుకోమనండి."

అతను ఏం చెయ్యాలో తెలియక ఇన్స్పెక్టరు వైపు చూశాడు. ఆలోగా మిషను చప్పుడు మూసిన తలుపులన్నింటిలోకీ వెళ్ళింది. పంచరు షాపు షట్టరు కిర్రుమంటూ లేచింది, టైర్లు దొర్లుకుంటూ బయటికొచ్చాయి. మంచాలు వచ్చాయి. తోపుడుబళ్ళు వచ్చాయి. కట్టు కట్టిన కాలుతో తాతను కుర్చీతో సహా మోసుకొచ్చి మూలన, టేబులు పక్కనే దించారు. షిఫ్టు దిగిన మిల్లు జనం ఈసారి వెనక సందులోంచి రాలేదు, మురికి చొక్కాలతో ముందు నుంచే వచ్చారు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా మామూలుగా ఎలా ఉంటుందో అలా అయింది.

అప్పుడు నేల అదిరింది. లారీ మలుపు తిరిగింది. రెండువైపులా గోడలకు మూరెడు ఖాళీ కూడా మిగల్లేదు. ఎదురుగా ఆకాశం కనపడకుండా పోయింది. అద్దం వెనక మరిది ముఖం, పక్కన సూపర్వైజరు. వదిన కుడుతూనే ఉంది, కుట్టు మాత్రం వంకర పోతోంది. చక్రాలు దగ్గరకొచ్చాయి. కిటికీలోంచి సూపర్వైజరు గొంతు అందరికీ వినిపించింది.

"పోనివ్వు. వాళ్ళే తప్పుకుంటారు. ఎప్పుడూ తప్పుకునేవాళ్ళేగా."

ఎవరూ తప్పుకోలేదు. లారీ మిషనుకు నాలుగడుగుల దూరంలో ఆగింది. ఇంజను ఆగిపోయింది.

"ఇక్కడ దారి లేదు సార్" అన్నాడు మరిది.

"ఇది రోడ్డు కాదా?"

"రోడ్డే. ఖాళీగా లేదు."

మరిది తలుపు సందులోంచి ఒంటిని ఇరికించుకుని కిందికి దిగాడు. పాదాలు నేలకు ఆనాయో లేదో, లాఠీ భుజం మీద పడింది. రెండోది నడుం మీద. ఈడ్చుకుపోయి వ్యానులో పడేశారు. అత్త కేక పెట్టలేదు, లేచి నిలబడింది అంతే. సూపర్వైజరు కిటికీలోంచి తల బయటపెట్టి జనంలోని డ్రైవర్ల వైపు తిరిగాడు.

"వ్యాను బయటికి పోవాలి. లారీ వెనక్కి తీసినవాడికి రేపటి నుంచి వీడి ఉద్యోగం" అన్నాడు.

ఆ వీధిలో డ్రైవర్లకు కొదవ లేదు, పని లేని డ్రైవర్లకు అసలే లేదు. ఒక్కడూ ముందుకు రాలేదు. ముందు లారీ, వెనక మంచాలూ టైర్లూ జనమూ, మధ్యలో పోలీసు వ్యాను. హారను కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఇన్స్పెక్టరు ముందు గద్దించాడు. తర్వాత టోపీ తీసి చెమట తుడుచుకుని, ఆ వీధిలో ఎవరూ ఎన్నడూ పోలీసు నోట విననంత నెమ్మదిగా అడిగాడు.

"అమ్మా, కొంచెం దారి ఇవ్వండి."

వదిన సగం లేచింది. మనసు లేవమనలేదు, అలవాటు లేపింది. పంచరు షాపతని చెయ్యి కూడా టైరు మీదికి పోయింది.

"కూర్చోండి" అంది అత్త.

కూర్చున్నారు. అందరూ కూర్చున్నారు. నిలబడ్డ మిల్లు జనం కూడా రోడ్డు మీద కూలబడ్డారు.

"మావాణ్ణి దించండి" అంది వదిన. "పొద్దున్నే తీసుకుపోయినాయన్ని తెచ్చి ఇక్కడే దించండి. అప్పుడు నడిచి వెళ్ళండి, దారి ఇస్తాం."

టేబులు దగ్గర లెక్క తీసేవాడు కలం పైకెత్తాడు. "ఏం రాయమంటారు సార్?" అని ఇంజనీరును అడిగాడు. ఇంజనీరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు.

లారీ అవతల సైరన్లు మోగాయి. ఒకటి కాదు, చాలా. తలుపులు తెరుచుకున్న చప్పుడు, వరసగా నేల మీదికి దూకుతున్న బూట్ల చప్పుడు. వ్యాను జాలీకి ముఖం ఆనించి మరిది పిలిచాడు. పెదవి చిట్లి ఉంది.

"వదినా, చాలామంది దిగుతున్నారు. అమ్మను తీసుకుని లోపలికి పోండి."

"నువ్వు కూర్చోరా" అంది వదిన.

సరిగ్గా అప్పుడే వెనక సందులోంచి పక్క వీధివాళ్ళు వచ్చారు. ఇక్కడ కుదరకపోతే కంపెనీ చూపు తమ మీద పడుతుందని వాళ్ళకు తెలుసు. ఆడా మగా మంచాలు నెత్తిన పెట్టుకుని, బల్లలు మోసుకుంటూ, రొప్పుతూ నిలబడ్డారు.

"ఇవి ఎక్కడ వెయ్యమంటారు?" అని అడిగారు.

అత్త చెవి ఒగ్గి ఒక్క క్షణం విన్నది.

"బూట్లొచ్చే వైపు వెయ్యండి" అంది.