ఏడుపుల పిన్నికి బహుమతి

స్టూడియోలో ఆవిడను అందరూ ఏడుపుల పిన్ని అనేవారు. తెర మీద కొడుకు ఇల్లు విడిచి పోయినా, మొగుడు గెంటేసినా వెక్కి వెక్కి ఏడ్చే పాత్ర ఆవిడదే. ఇంట్లో మాత్రం ఆవిడ నోరు విప్పితే పక్కవాటావాళ్లు కూడా పొట్ట పట్టుకుని నవ్వాల్సిందే.

అప్పటిదాకా ఏటేటా ఇచ్చే సినిమా బహుమతులు హీరోకీ, హీరోయిన్‌కీ, దర్శకుడికీ పోయేవి. మిగతావాళ్లు వెనక వరసల్లో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చేవారు. ఇదేం న్యాయమని పత్రికలవాళ్లు గోల పెట్టగా, ఆ ఏడాది సహాయ పాత్రలకూ ఒక బహుమతి పెట్టారు. అది పిన్నికే వచ్చిందని ముందుగానే కబురందింది.

వెంటనే నిర్మాతగారి మేనేజరు ఊడిపడ్డాడు. "వేదిక మీద రెండు కన్నీటి బొట్లు రాల్చాలమ్మా. ఫొటోలవాళ్లు కాచుకుని ఉంటారు. మన కొత్త సినిమా కూడా ఏడుపుదే కదా."

"అదంతా కళ్లకు రాసే గ్లిజరిన్ చలవ బాబూ. నాకు సొంత ఏడుపు రాదు."

"అయితే రుమాలుకు రాసి తెచ్చుకోండి."

పిన్ని భర్త సెట్లు కట్టే వడ్రంగి. ఆయనకీ మాట బొత్తిగా నచ్చలేదు. "సంతోషం కలిగితే నవ్వాలి గానీ ఈ ఏడుపేమిటే?"

"నేను నవ్వగా జనం ఎప్పుడు చూశారండీ? అసలు గుర్తుపడతారో లేదో" అందావిడ. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆవిడ నవ్వలేదు.

ఆ సాయంత్రం హాలు కిటకిటలాడింది. బహుమతి ఇవ్వడానికి వచ్చింది విలన్ వేషాల మీసాలాయన. చాలా సినిమాల్లో పిన్నిని మెట్ల మీంచి తోసింది ఆయనే. పిన్ని వేదికెక్కగానే ఆయన మైకు ముందుకు వచ్చాడు.

"నేను తోసిన ప్రతిసారీ ఈ చెల్లెమ్మ దులుపుకుని లేచి, మీకేం తగల్లేదు కదా అన్నయ్యగారూ అని నన్నే అడిగేది" అంటూ భోరుమన్నాడు.

పిన్ని మనసు కరిగిపోయింది. మరేమీ ఆలోచించకుండా చేతిలో ఉన్న రుమాలుతో ఆయన కళ్లు తుడిచింది.

అంతే, ఆయన కళ్లు ధారలు కట్టాయి. "అమ్మో, ఏం పూశావు చెల్లెమ్మా!" అన్న కేక మైకులోంచి హాలంతా మోగింది.

జనం గొల్లుమన్నారు. పిన్నికి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. చివరికి మైకు దగ్గరికి వంగి, "ఇన్నేళ్లూ మీరు నన్ను ఏడిపించారు అన్నయ్యగారూ. ఇవాళ నా వంతు వచ్చింది" అంది. ఆ చప్పట్లకు పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. వెనక వరసలో వడ్రంగి లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు.

మర్నాడు పత్రికల్లో విలన్ ఏడుస్తుంటే పిన్ని పగలబడి నవ్వుతున్న ఫొటో పడింది. మేనేజరు చిటపటలాడుతుండగానే, హాస్య చిత్రాలు తీసే దర్శకుడొకాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నోటి దురుసు అత్తగారి వేషం ఉందన్నాడు, ఆవిడ మొగుడిగా మీసాలాయనను అనుకుంటున్నానన్నాడు.

"వేస్తాను గానీ, నాకు మొగుడుగా మా అన్నయ్యగారు వద్దండీ, వరస కుదరదు. వియ్యంకుడిగా పెట్టండి" అంది పిన్ని.

అలాగే పెట్టారు. షూటింగు మొదటి రోజు వియ్యంకుడూ వియ్యపురాలూ ఎదురెదురుగా నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎంత ప్రయత్నించినా ఇద్దరికీ నవ్వాగలేదు. ఇక లాభం లేదని దర్శకుడు అందరినీ భోజనాలకు పంపేశాడు.